కుట్టుకి వదిలిన అంగుళం

అక్కకి,

చెల్లెలు దండం పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, అమ్మా, నీ కుట్టుమిషనూ ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. లేకపోతే "నా ఉత్తరం చదివావా, ఊరికే మడతపెట్టావా?" అంటావు. వేళకి తింటున్నాను. గది పెద్దదే, కిటికీ తూర్పుకి ఉంది. పొద్దున్నే ఎండ వచ్చి నాకంటే బద్ధకంగా మంచం మీద ఒళ్ళు విరుచుకుంటుంది. పాత కాలేజీలో చదివినవన్నీ ఇక్కడ ఒప్పుకున్నారా అని కూడా అడిగావు. ఆ జవాబు కిందికి వస్తుంది, ఆగు.

తరగతులు ఇంకా మొదలు కాలేదు. వేరే కాలేజీల నుంచి మారి వచ్చినవాళ్ళం ఇక్కడి మొదటి ఏడాది టైంటేబుల్ మేమే వేసుకుని శుక్రవారంలోగా ఇవ్వాలట. నాకు నీ పద్ధతే తోచింది. గంటకి అంగుళం చొప్పున ఒక్కో సబ్జెక్టుకీ కాగితం ముక్కలు కత్తిరించాను. వారం మొత్తాన్ని గుడ్డలా బల్ల మీద పరిచి, నువ్వు జాకెట్ల పేపర్ కటింగులు సర్దినట్టు సర్దాను. పిసరంత కూడా వృథా పోలేదు! వాటినే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఇంకా రాని సోమవారాలూ మంగళవారాలూ కళ్ళముందు మెల్లగా కదిలిపోతున్నట్టే అనిపించింది.

సలహాలిచ్చే మేడమ్ అది చూసి కళ్ళజోడు పైకి నెట్టింది. "బానే ఉందమ్మా. పదింటిదాకా ఆ చివర ల్యాబులో ఉండి, పదింటికే ఈ చివర హాల్లో ఎలా కూర్చుంటావు? రెక్కలేమైనా ఉన్నాయా?"

నాలుక కరుచుకున్నాను. గంటకీ గంటకీ మధ్య కుట్టుకి అంగుళం వదలడం మర్చిపోయానే! ఇన్నేళ్ళూ నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టినదాన్ని. నువ్వు నాకు తొందరమ్మ అని ఊరికే పేరు పెట్టలేదు.

"ఓసారి నడిచి చూసిరా" అందావిడ. వాచీ చూసుకుంటూ ఖాళీ భవనాల్లో నడిచాను. వరండాల నిండా ఎండ. ఎక్కడో ఒక తలుపు తనంతట తనే మూసుకుని తెరుచుకుంటోంది. మేడమ్ చెప్పిన హాల్లోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. కన్ను మూతపడిందో లేదో చెప్పలేను. నువ్వు నా పక్కనే ఉన్నావు. సూది కరిచిపట్టినట్టు పెన్సిల్ పళ్ళ మధ్య పెట్టుకుని బోర్డుకేసి చూస్తున్నావు. లేచి రాబుద్ధి కాలేదు.

ఇక ఆగమన్న జవాబు. అక్కా, నీకు అబద్ధం చెప్పాను. పాత కాలేజీలో లెక్కలు గట్టెక్కానన్నాను కదా, ఎక్కలేదు. నువ్వు ఆ పూట కొట్టు మూసేసి మరీ సంబరపడుతుంటే నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు ఆ లెక్కలు మొదటి ఏడాది పిల్లలతో కూర్చుని మళ్ళీ చదవాలి. అది అయితే తప్ప పై లెక్కలు ఇవ్వరు. రెండేళ్ళన్న చదువు మూడేళ్ళవుతుంది. నా తర్వాతే కదా నీ వంతు. నాన్న పోయిన ఏడాది, సీటు వచ్చి కూడా మానేసి, "నీది కానివ్వవే, నాదెక్కడికి పోతుంది?" అన్నావు. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆవిడ మంచినీళ్ళిచ్చి, "మీ అక్క ఎంతదాకా చదివింది?" అంది.

"కాలేజీ గడపదాకా వచ్చిందండీ. నాకంటే మంచి మార్కులు."

ఆవిడ సొరుగు లాగి ఒక ఫారం ఇచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకి నెలాఖరు దాకా గడువుందట.

గేటుకెదురుగా దర్జీ కొట్టులో మనిషి కావాలని బోర్డు చూశాను. లోపలికెళ్ళి నీ కోసం అడిగాను. మధ్యాహ్నం నుంచి వచ్చినా చాలన్నాడు. నా గదిలో అమ్మ మంచమూ నీ మిషనూ పడతాయి. టేపు పెట్టి కొలిచాను, ఈసారి అంగుళం వదిలే కొలిచాను.

ఇక వంతులు వద్దక్కా. ఆ హాలు లెక్కలదే. నడకకి చోటు వదిలి, పదింటిది కాకుండా మంగళవారం పదకొండింటిది వేసుకున్నాను, మొదటి ఏడాది వాళ్ళతో. ఆ గంటకి నువ్వూ మొదటి ఏడాదే, నేనూ మొదటి ఏడాదే. తిట్టేదేదో వచ్చి ఆ బెంచీ మీదే తిట్టు.

ఫారం ఇందులోనే పెట్టాను. పేరూ ఊరూ నేనే నింపాను. సంతకానికి మాత్రం చోటు వదిలాను.

ఇట్లు,
నీ తొందరమ్మ