నల్లపెట్టకు చోటు

గౌలిపుర

అక్కకు, అమ్మవారి దయవల్ల నేను క్షేమం.

ఫోన్‌లో నీకు మాట సరిగ్గా వినబడదని కార్డు రాస్తున్నాను. నువ్వు ఇచ్చిన నల్లపెట్టను కోయించలేదు, దిగులు పడకు. గుడ్లు మానేసి చిక్కిపోతుంటే దిష్టి తగిలిందనుకుని ఉప్పుతో దిగదుడిచాను, అమ్మవారికి మొక్కుకున్నాను. పోయిన నెల పాలు పోసే ఆండాలు మేడ మీదికి వచ్చి, కోళ్లు గింజలు తినడం చూసి నవ్వింది.

"గా ఒక్క పళ్లెంల అన్ని ముక్కులు యాడ పడ్తయి వదినా? పెద్దయి పొడుస్తుంటే గిది ఎన్కకే నిలవడ్తుంది. దిష్టి లేదు, ఏం లేదు, ఆకలి. మా బర్లకు మేత గాడి కట్టినట్టు పొడుగ్గ పెట్టు" అన్నది.

అది వెనక నిలబడడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. దానికి నెమ్మది ఎక్కువ అనుకున్నాను. ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా కోయించి గోడ వెంట పెట్టి గింజలు అందులో పోస్తున్నాను. ఇప్పుడు అన్నీ గుడిలో అన్నదానం బంతిలా వరసగా నిలబడి తింటున్నాయి. నిన్న నల్లపెట్ట గుడ్డు పెట్టింది.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కొన్ని నూకలు పంపు. పంపడం ఎందుకు, నువ్వే తీసుకురా. మా ఆయన పోయినప్పటి నుంచి వంటింట్లో నిలబడే తింటున్నాను. ఇప్పుడు కంచం పట్టుకుని మేడ మీదికి వెళ్లి ఆ బంతి చివర కూర్చుంటున్నాను. నా పక్కన ఇంకో కంచానికి చోటుంది.

బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లె,
ఇందిర