పచ్చిక మీద అమ్మ నడక

ఎల్మ్‌స్కోట్, మంగళవారం

తమ్ముడు ఆర్నాల్డ్‌కు, అమ్మ బాగానే ఉంది, కంగారు పడకు.

నిన్న తనను, అమ్మానాన్నా పనిచేసిన ఎల్మ్‌స్కోట్ బంగళాకు తీసుకెళ్ళాను. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ఎవరినైనా లోపలికి రానిస్తున్నారు. అమ్మ బట్టలుతికిన గదిలో టీ అమ్ముతున్నారు. అది చూసి కూడా అమ్మ ఆగలేదు. నాన్న పోయినప్పటినుంచీ ఉంటున్నట్టే మౌనంగా నా చేయి పట్టుకుని నడిచింది. గులాబీ తోట దాటాక పెద్ద పచ్చిక దగ్గర ఆగింది. బూట్లు విప్పి నా చేతికిచ్చి, మేజోళ్ళతోనే గడ్డి మీదికి దిగింది. తోటమాలి పరుగున వచ్చాడు.

"అమ్మా, గడ్డి తొక్కకూడదండీ."

"తెలుసు నాయనా. దీన్ని కోసి కోసే మా ఆయన నడుం వంగిపోయింది. పని లేకుండా అడుగు పెడితే ఉద్యోగం ఊడేది. పెళ్ళికి ముందు చెరో అంచునా నిలబడి చూసుకునేవాళ్ళం. ఇవాళ అడ్డంగా నడుస్తా. కావాలంటే మీ దొరసానితో చెప్పుకో."

అతను "తడిగా ఉంది, జారతారు" అని మోచెయ్యి అందించాడు. ఇద్దరూ అవతలి అంచుదాకా వెళ్ళారు. దారంతా నాన్న సంగతులే చెప్పిందట. అమ్మ నవ్వు ఇవతలున్న నాకు వినిపించింది.

అమ్మ ఊలు కోటు పార్సెల్లో పంపు. మీ వంటింటి కప్పు కారడం ఆగిందా? మరదలు డోరిస్ దగ్గు తగ్గిందా? అమ్మను చేరుస్తామని వృద్ధాశ్రమం వాళ్ళకు మాత్రం మాటివ్వకు. "నీ దగ్గరే ఉండనా" అని అమ్మ తనే అడిగింది. సరేనన్నాను. పిల్లలకు ముద్దులు.

మీ అక్క,
మ్యూరియల్