మిస్రీ తినే చేపల డబ్బా

తాండూరు,
4 మార్చి 1984, ఆదివారం.

ప్రియమైన శంకరమ్మకు,

నీ స్నేహితురాలు అష్రఫున్నీసా ప్రేమతో రాస్తున్నది. నువ్వూ అనంతయ్య అన్నా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మా ఇంట్లో మనుషులం ఎప్పటిలాగే ఉన్నాం. బాగాలేనిది పిల్లి. ఈ ఉత్తరం దాని గురించే.

పోయినవారం బడికి సెలవు పెట్టి, మిస్రీని బుట్టలో పెట్టుకొని ప్యాసింజర్ బండిలో వికారాబాద్ వచ్చాను. నువ్వేమో నవాబుపేటలో మీ అక్క ఇంట్లో ఉన్నావట. అనంతయ్య అన్నే పశువుల దవాఖానలో కాంపౌండర్ పని పక్కనపెట్టి మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నీకు ఎంత చెప్పాడో, ఎంత నవ్వి వదిలేశాడో తెలియదు. అందుకే మొదటినుంచి రాస్తాను.

మా స్నానాల గది మూల, తూము దగ్గరి బండ మీద చీమలు పట్టడం మొదలైంది. కడిగిన గంటకే మళ్లీ బారులు. మా అత్తమ్మ వజీరాబీకి చక్కెర జబ్బు ఉందనీ, రెండేళ్ల కింద కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయనీ నీకు తెలుసు కదా. చీమలను చూడగానే మా ఆయన ఖుద్దూస్, అమ్మ ఎక్కడో బెల్లం దాచుకొని తింటోందని తేల్చేశారు. ఆమె పెట్టె తీసి వెతికారు కూడా. ఆమె గోడవైపు తిరిగి, “తింటే నా నోరు పడిపోను” అని ఒక్క మాట అని ఊరుకుంది. కుల్కచర్ల దిక్కు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, ఉర్దూ కంటే తెలుగే ఆమెకు దగ్గర. కోపమొస్తే మాత్రం ఏ భాషా రాదు.

నాకు ఆమె అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. ఆమె కోసం ఇంట్లో నీలం మందు సీసా ఉంటుంది. దాన్ని గాజు గొట్టంలో పోసి, మూత్రం చుక్కలు కలిపి దీపం మీద మరిగిస్తే, చక్కెర ఎంత ఉందో రంగు చెబుతుంది. లేకపోతే నీలంగానే ఉంటుంది. కొంచెముంటే ఆకుపచ్చ, ఎక్కువైతే పసుపు, మరీ ఎక్కువైతే ఇటుకరంగు. అత్తమ్మది చూశాను. పచ్చన దాటలేదు. మరి చీమలు ఎవరి కోసం వస్తున్నాయి?

ఆ సాయంత్రం మిస్రీ మెల్లగా ఆ మూలకే పోయి కూర్చోవడం చూశాను. వెంటనే మందు చుక్కలు వేసే రబ్బరు గొట్టంతో బండ మీది నుంచి తీసి మరిగించాను. శంకరమ్మా, అంత ఎర్రటి రంగు మా అత్తమ్మ జబ్బు మొదలైన రోజుల్లో కూడా నేను చూడలేదు. పేరు మిస్రీ కదా, పటికబెల్లమని పిలిచినందుకు ఒళ్లంతా పటికబెల్లమే చేసుకుంది అని మా ఆయన అన్నారు. కానీ ఆయనకూ నవ్వు రాలేదు.

అప్పటిదాకా గమనించనివన్నీ అప్పుడు కనిపించాయి. కుండ కింద కారే నీళ్లను రోజంతా నాకుతుండేది. ఎంత తిన్నా వీపు ఎముక పైకి తేలింది. వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి, ముసలమ్మ కూర్చుని జరిగినట్టు నడుస్తోంది.

మీ డాక్టరు మంచి మనిషి. తన సర్వీసంతా ఎద్దులు, బర్రెలతోనే పోయిందని దాచకుండా చెప్పి, పుస్తకం తెరిచి నా ముందే చదివారు. రక్తం తీసి పంపిస్తే కిడ్నీలు కూడా సగం పోయాయని తేలింది. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: పిల్లి మాంసం తిని బతకడానికి పుట్టింది. అన్నం, రొట్టె, పాలు పెట్టి మనమే దాన్ని పాడుచేస్తాం. చక్కెర తగ్గాలంటే అవి మానాలి. కిడ్నీల కోసమైతే ఉప్పు మానాలి, కాలేయం, ఎముకలు పెట్టకూడదు, మాంసం కూడా మితంగానే. తిండిలో తడి ఎక్కువుండాలి. సూదిమందు సంగతి తర్వాత చూద్దాం, ముందు నెల రోజులు తిండి మార్చి చూడమన్నారు. పై దేశాల్లో పిల్లుల కోసమే తడి మాంసం డబ్బాల్లో అమ్ముతారట. మనకు దొరికే వాటిలో దానికి దగ్గరగా ఉండేది మనుషులు తినే చేపల డబ్బానే అన్నారు.

మా కాగ్నా నదిలో నీళ్లు అడుగంటాయి, వానలు పడేదాకా చేపల మాట లేదు. రోజూ పిల్లి కోసం వేటమాంసం కొనే ఇల్లు కాదు మాది. డబ్బానే దిక్కు.

మా పక్కింటి అజమత్ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాడు. నా గోడు విని, అక్కడినుంచి తెచ్చిన సామానులో వెతికి ఒక డబ్బా ఇచ్చాడు. దాని మీద తెల్లపిల్లి బొమ్మ. వాడకట్టంతా చూడటానికి వచ్చింది. అందులో ఉన్నది పిల్లి మాంసమా, పిల్లికి మాంసమా అని పెద్ద వాదమే జరిగింది. అత్తమ్మ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. నేను వాకిట్లో కూర్చుని చిన్న అక్షరాలన్నీ చదివాను. చేప, కోడి, కాలేయం అని ఉన్నాయి. వాటి తర్వాత గోధుమపిండి, ఉప్పు. బొమ్మ పిల్లిదే, పిండి మాత్రం మన రొట్టెదే. అయినా ఒక్కరోజు పెట్టి చూశాను. మర్నాడు గొట్టం ఎర్రగానే ఉంది. ధర అడిగితే అజమత్ చెప్పడానికి మొహమాటపడ్డాడు.

కాబట్టి ఇప్పుడు నాకు కావలసినది పిల్లి బొమ్మ లేని డబ్బా. మీ ఊళ్లో ఏమేం రకాలు దొరుకుతాయో, వాటి మీద ఏం రాసి ఉందో చూసి రాయి. ఉప్పునీళ్లలో ఉన్న చేపనైతే ఏం చేయాలో అన్నను డాక్టరు గారిని అడగమను.

నీ
అష్రఫున్నీసా


తాండూరు,
1 ఏప్రిల్ 1984, ఆదివారం.

ప్రియమైన శంకరమ్మకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు అన్ని దుకాణాలు తిరిగి రాసినదంతా చదువుతుంటే నాకంటే నీకే ఈ పిచ్చి ఎక్కువ పట్టినట్టుంది. పిల్లలు పరీక్షలు రాసి ఇంటికి రాగానే నీ చుట్టూ డబ్బాల గోల అన్నావు. ఇక్కడా రోజంతా డబ్బాల మాటే.

స్టేషన్ దగ్గర కిరాణం జంగప్ప నీకు గుర్తున్నాడా? సగం కన్నడం, సగం తెలుగు. గనుల దగ్గరికి వచ్చే ఇంజనీర్ల కోసం చేపల డబ్బాలు తెప్పిస్తాడు. తాను లింగం కట్టుకున్నవాడు కాబట్టి వాటిని చేత్తో ముట్టడు. కాగితం అడ్డం పెట్టి అందిస్తాడు. నేను మూడు రకాలు తెచ్చాను.

మొదటిది ఎర్ర కాగితం చుట్టినది, టమాటా పులుసులో చేప. మిస్రీ ముక్కలన్నీ తిని పులుసు కూడా నాకింది. గొట్టం పసుపు దగ్గర ఆగింది. కాగితం చదివితే ఆ పులుసులో చక్కెర, పిండి ఉన్నాయి. రెండోది పసుపు కాగితం, నూనెలో వేసినది. రంగు తగ్గింది కానీ దానికి కడుపు జారింది. వాకిలంతా రెండుసార్లు కడిగాను. మూడోది నీలం కాగితం, ఉప్పునీళ్లలో చేప. అన్నిటికంటే చౌక. ఇది ఎందుకింత తక్కువ అని అడిగితే జంగప్ప, “ఉప్పునీళ్ల చేప ఎవరికి బేకమ్మా? నువ్వు కొంటె మస్తు పుణ్యం, అటక ఖాళీ అయితది” అన్నాడు.

నువ్వు రాసినట్టే చేశాను. ఆ నీళ్లు పారబోసి, చేపను మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, మళ్లీ కడిగి, ముళ్లు తీసి, చివరికి గోరువెచ్చని నీళ్లు కలిపి జావలాగా పెట్టాను. నోట్లో వేసుకొని చూశాను కూడా. ఉప్పు లేదు. మిస్రీ వాసన చూసి మొహం తిప్పుకొని, కాసేపటికి వచ్చి తినేసింది. మర్నాడు గొట్టంలో పచ్చరంగు. ఆ పచ్చదనం చూసి నేను బడికి పోతూ దారంతా నవ్వుకున్నాను.

అయితే ఇప్పుడొక తిరకాసు వచ్చిపడింది. అది నీతో చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

సెలవు రోజుల్లో పెట్టిన దానికి పచ్చగా వస్తుంది. బడి ఉన్న రోజుల్లో ఎర్రగా వస్తుంది. డబ్బా అదే, కడగడం అదే, గిన్నె అదే. పొద్దున బడికి పోయేముందు చేప కడిగి గిన్నెలో పెట్టి మూత వేస్తాను. అత్తమ్మ కోసం సొరకాయ వేసి ఉప్పు లేని పెసరపప్పు కిచిడీ వండి పక్కనే పెడతాను. మధ్యాహ్నం ఆమె తాను తిని, మిస్రీకి మూత తీస్తుంది. నేను వచ్చేసరికి చేప గిన్నె తళతళలాడుతూ ఉంటుంది. చేప మొత్తం తిన్న పిల్లికి చక్కెర ఎందుకొస్తోంది?

మా ఆయన అనుమానం అజమత్ వాళ్ల ఇంటి మీద. అక్కడ పిల్లలు పాలు పోస్తున్నారేమోనని గోడ మీది సందు మూయించారు. లాభం లేదు. జంగప్ప డబ్బాల్లో ఒక్కోదానికి ఒక్కో తీరు ఉందేమోనని నేను అనుకున్నాను. ఒకే డబ్బాను సగం ఆదివారం, సగం సోమవారం పెట్టి చూశాను. ఆదివారం పచ్చన, సోమవారం ఎరుపు. చేపకు వారాలు తెలుస్తాయా శంకరమ్మా? అన్నను డాక్టరు గారిని అడగమను. బడి రోజుల్లో నేను లేనని దానికి బెంగ కలిగి చక్కెర పెరుగుతుందా? నవ్వకుండా అడగమను.

ఒక మంచి మాట కూడా రాయాలి. అత్తమ్మకు నెమ్మదిగా ఉంది. బెల్లం గొడవ తర్వాత కొన్నాళ్లు ఆమె కంచం పెట్టినది పెట్టినట్టే వెనక్కి వచ్చేది. కిచిడీ గోడకు పూసే సున్నంలాగ ఉందనేది. ఈమధ్య ఒక్క మెతుకు మిగల్చడం లేదు. మొహం తేటపడింది. నిన్న తానే లేచి వాకిట్లో మంచం వాల్చుకుంది. డాక్టరు రాసిచ్చిన పత్యం తు.చ. తప్పకుండా వండినందుకు ఫలితం దక్కిందని నాకు కొంచెం గర్వంగానే ఉంది.

రేపటినుంచి మాకు ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను కాబట్టి మిస్రీ సంగతి నేనే కనిపెడతాను.

అనంతయ్య అన్నకు సలాం, పిల్లలకు దీవెనలు.

నీ
అష్రఫున్నీసా

తా.క. ఈ ఉత్తరం కవరులో పెట్టి అంటించకుండా ఉంచాను. మంచిదైంది. ఇవాళ శుక్రవారం.

సోమవారం బడి విడిచి మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. ఒంటిపూట బడి అని అత్తమ్మకు చెప్పడం మరిచిపోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టుకొని లోపలికి పోతే, ఆమె గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ఒడిలో పిల్లి గిన్నె. నేను కడిగిన చేప మీద నిమ్మకాయ పిండుకొని, మిరియాలు చల్లుకొని, కళ్లు మూసుకొని తింటోంది. ఎదురుగా ఆమె కంచంలో మిస్రీ తల పెట్టి కిచిడీ తింటోంది. దాని మీద కొంచెం పాలు కూడా పోసి ఉన్నాయి.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. దాచాలని చూడలేదు. నోట్లోది నమిలి మింగి, “కూసో బిడ్డా” అంది.

నేను కూర్చున్నాను. ఎన్నాళ్ల నుంచి అత్తమ్మా అని అడిగాను.

“నీలం కాయితం డబ్బా వచ్చినకాన్నుంచి” అంది. “ఆ ఎర్రదాన్ల తీపి ఉన్నది, నేను ముట్టలె. నాకు చక్కెర ఉన్నది గద.”

పిల్లికి జబ్బని తెలిసి కూడా దానికి పాలు, అన్నం పెట్టావెందుకు అని గట్టిగానే అడిగాను. నాకు కోపమొచ్చింది. మిస్రీ చచ్చిపోయేది కదా.

ఆమె తల వంచుకుంది. “దాని ముంగట నేనొక్కదాన్నే ఎట్ల తినాలె? అది నా మొకం చూస్తది. ఉత్తగ కూసుంటె నాకు ముద్ద దిగది. అందుకని నాది దానికి పెట్టిన.” తర్వాత గిన్నె కింద పెట్టి అంది: “ఆ పిల్లికి నువ్వు తీరు తీరు డబ్బాలు తెచ్చినవ్. ఏది తింటదో, ఏది తినదో పక్కన కూసొని చూసినవ్. నీ నోట్ల ఏసుకొని ఉప్పు చూసినవ్. రెండేండ్ల సంది నాకు సొరకాయ పెడుతున్నవ్ బిడ్డా. ఒక్కపారి నోట్ల ఏసుకొని చూసినవా?”

చూడలేదు శంకరమ్మా. డాక్టరు రాసిన కాగితం చూశాను, అంతే. అప్పుడు ఆమె కంచంలో మిస్రీ ముట్టని మూల నుంచి కిచిడీ వేలితో తీసి నోట్లో వేసుకున్నాను. ఆమె సున్నం అన్నది ఊరికే కాదు.

బుధవారం ఆమెను దవాఖానకు తీసుకుపోయాను. చేప తిని కిడ్నీలు ఇంకా చెడ్డాయేమోనని నా భయం. డాక్టరు రక్తం చూసి, కిడ్నీలు ముందున్నట్టే ఉన్నాయి, బరువు మాత్రం పెరిగింది, ఏం పెట్టారని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. ఉప్పు కడిగేసిన చేప చిన్న ముక్క రోజుకొకటి తినొచ్చు, ఆ మేరకు పప్పు తగ్గించండి, నిమ్మరసం, మిరియాలు మంచివే అన్నారు. ఇప్పుడు డబ్బా ఇద్దరికీ పంచుతున్నాను. చిన్న ముక్క ఆమెకు, మిగతాది మిస్రీకి. నిన్న, ఇవాళ దాని గొట్టం పచ్చగా వచ్చింది. వెనక కాళ్లు ఇంకా ఈడుస్తూనే ఉంది. దాని కిడ్నీలు బాగుపడవని మీ డాక్టరు ముందే చెప్పారు కదా, ఉన్నన్నాళ్లు ఉంటుంది. వారాల సంగతి అడగమన్నాను చూడు, అది మాత్రం అడగనియ్యకు.

మా ఆయన నిన్న రాత్రి తల్లి మంచం దగ్గర కూర్చుని, బెల్లం కోసం పెట్టె వెతకడం తప్పయిందని చెప్పారు. ఆమె వినిపించనట్టు దుప్పటి సర్దుకుంది కానీ చెయ్యి ఆయన చేతి మీద నుంచి తీయలేదు.

ఇందాక పొయ్యి ముట్టించే ముందు ఆమె దగ్గరికి పోయి అడిగాను. అత్తమ్మా, పత్యానికి సరిపోయేలా నేను చూసుకుంటాను, నీకు ఏం తినాలనుందో చెప్పు, అని. ఆమె అంది:

“గిట్ల ఎవరన్న అడుగుతరనుకోలె. జర ఆలోచించుకోనియ్యి.”