బరువు తక్కువ లెన్స్

అక్కా,

కొండలెక్కి ఫొటోలు తీయడానికి అమ్మాయికి ఏ లెన్స్ కొనాలని అడిగావు. కెమెరాలు బాగుచేసేవాడికి అదేమంత కష్టమైన ప్రశ్న కాదు. అయినా పది రోజులుగా నీ ఉత్తరం బల్ల మీదే ఉంది.

బావ ఆఖరిసారి కొండకి వెళ్లే ముందు నా షాపుకొచ్చాడు. "ఒరేయ్, రెండు లెన్సులూ మొయ్యలేను. ఏది వదిలెయ్యమంటావ్?" అన్నాడు.

"దూరానివి దగ్గరగా చూపించేది బాగా బరువు, అది వదిలెయ్ బావా. వెడల్పుగా తీసేది చాలు. కాకపోతే దాంతో అంచుదాకా వెళ్లి తియ్యాలి, లేకపోతే ఫొటోలో లోయకి బదులు ముందున్న రాళ్లే పడతాయి" అన్నాను.

పోలీసులు కెమెరా ఇచ్చాక చూశాను. వరసగా పదకొండు ఫొటోలున్నాయి. ఒక్కోదాంట్లో ముందున్న రాయి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఆఖరి దాంట్లో రాయి లేదు, అంతా లోయే.

కెమెరా మెమరీ కార్డులో ఏమీ లేదని నీకు అబద్ధం చెప్పాను. దాన్ని ఈ కవర్లో పెడుతున్నాను.

అమ్మాయికి బరువైన లెన్సే కొను. మొయ్యలేనని గొణిగితే మామయ్య చెప్పాడని చెప్పు. ఎందుకు చెప్పాడో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం.

నీ తమ్ముడు