కుట్టు విప్పకుండా

గురువారం సాయంత్రం,
సైటు ఆఫీసు రేకుల గది

అక్కకి చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ నేనూ నా బురద బూట్లూ క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, నీ కుట్టుమిషనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఎత్తవు కాబట్టి ఉత్తరం. కిందటేడు మంచినీళ్ల పైపు కోసం మావాళ్లు మీ వీధిని నిలువునా తవ్వి వదిలేశారు. నీ దుకాణానికి చెక్క మీద నడిచి రావాల్సి వచ్చింది. కొత్త చుడీదారు కుట్టించుకుని బయటికొచ్చిన పంతులమ్మ చుడీదారుతో సహా గుంతలో పడింది. “గుంతల దొరసానీ, మీ తవ్వకాల పిచ్చి వదిలేదాకా నా గడప తొక్కకు” అన్నావు. తొక్కలేదు.

ఇప్పుడు అదే వీధికి మురుగు పైపు వేయాలన్నారు. మళ్లీ తవ్వుదామన్న మా పెద్దింజనీరుతో పోట్లాడి, తవ్వకుండానే వేయొచ్చన్నాను. “రోడ్డు పిసరంత కుంగినా పూచీ నీదే” అన్నాడు. కుంగితే ఉద్యోగం మాట అటుంచు, నీ గడప నాకు మూసుకుపోయినట్టే. అయినా సరేనన్నాను.

పని నీకు తెలిసిందే. పైజామాకి బొందు ఎక్కించాలంటే కుట్టు విప్పుతావా? చివర పిన్నీసు గుచ్చి, పైనుంచి వేళ్లతో తడుముతూ జరుపుతావు. మేమూ అంతే. వీధికి ఆ చివరొక గొయ్యి, ఈ చివరొక గొయ్యి. ఒకదాంట్లోంచి యంత్రం ఇనప కడ్డీని నేల కిందుగా నెడుతుంది. కడ్డీ మొనలోని పరికరం సంకేతం పంపుతుంటే, పైన ఒక మనిషి పసుపు పెట్టె పట్టుకుని, మొన ఎక్కడుందో చూసుకుంటూ నడవాలి. అవతల తేలాక, ఆ కడ్డీకే పైపు తగిలించి వెనక్కి లాగడమే.

నీ దుకాణం దగ్గర ఇనప షట్టరు వల్ల సంకేతం తడబడింది. అందుకే మా మనిషి హెల్మెట్టు పెట్టుకుని, దుమ్ముకి మొహానికి గుడ్డ కట్టుకుని, నీ గుమ్మం ముందు అంతసేపు నిలబడాల్సి వచ్చింది. “ఏం పారేసుకున్నావు నాయనా, నేలంతా గాలిస్తున్నావు?” అని నవ్వి, మంచినీళ్లిచ్చావట. మా అందరి తరఫునా థాంక్స్.

నిన్న పైపు లాగేశాం. రోడ్డు ఎక్కడా కుంగలేదు. మీ వీధి కుట్టు విప్పలేదక్కా. ఇక గడప సంగతి నువ్వే చెప్పాలి.

నీ చెల్లెలు,
గుంతల దొరసాని

తా.క.: షట్టరు ఏ పాపమూ ఎరగదు. సంకేతం మొదట్నుంచీ శుభ్రంగానే ఉంది. ఆ పెట్టె పట్టుకుని నిలబడింది నేనే. అటు తిరిగి తాగి గ్లాసిస్తుంటే, “మా చెల్లెలిదీ ఇదే పని. ఎండ పడదు దానికి. నెత్తిన టోపీ పెట్టుకుంటుందో లేదో, మొండిఘటం” అన్నావు. నోరు తెరిస్తే గొంతు ఆనవాలు పడతావని తలూపి వచ్చేశాను.

పెట్టుకుంటున్నానక్కా. అందుకేగా నువ్వు గుర్తుపట్టలేదు.