జెట్ స్కీల చెంబెడు నీళ్లు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మన మిర్యాలగూడ షాపుకు బోరు మోటరు కాదు, నీళ్ల మీద నిలబడి తోలే బండి, జెట్ స్కీ వచ్చింది. లోపల చేరే నీళ్లను బయటికి తోసే చిన్న పంపు పెట్టాలె. షాపుల స్టాండు మీద దాని ముక్కు కిందికుండె. నీళ్లు గాడికే వస్తయనుకొని ముక్కు కాడ బెజ్జాలు కొట్టి పంపు బిగించిన.

మొన్న వాడపల్లి కాడ కృష్ణల దించితే మునగబోయింది. బండాయన ఈదుకుంట ఒడ్డుకొచ్చి, "గీ పని నీకొస్తదా?" అన్నడు.

"చెంబెడు నీళ్లు పోసి సూడు, జాగ అవే చెప్తయి" అని నువ్వు ప్రతి మోటరు కాడ అనేటోడివి. నేను నవ్వేటోణ్ణి.

ఇయ్యాల ఒడ్డు పక్క నీళ్లల్ల బండాయనను బండి మీద వెనక దిక్కు మోకాళ్లూనమన్న. ఒక చేత్తో బండి పట్టుకొని ఇంకో చేత్తో చెంబెడు నీళ్లు లోపల పోసిన. ఆయన బరువుకు ముక్కు లేచి, నీళ్లన్నీ ఇంజన్ వెనక్కు పోయినయి. పంపు గాడనే బిగించిన. ఇప్పుడు మంచిగ తోస్తున్నది.

ముక్కు కాడి పాత బెజ్జాలు మూసిన గని రంగెయ్యలే. తప్పు కనవడితేనే చెయ్యి యాదుంచుకుంటదని నువ్వు మోటరు స్టార్టర్ డబ్బాల మీద తప్పు పడ్డ బెజ్జాలను గట్లనే ఉంచేటోడివి.

"గీ మచ్చలేంది?" అని బండాయన అడిగిండు.

"నేను మా బాపు మాట ఇనని జాగ" అన్న.