స్వప్న చూసిన ప్రోటాన్

బుధవారం, రాత్రి

మా స్వప్న గెలిచింది! ప్రోటాన్ మీద ఆరేళ్లు చేసిన పరిశోధనకు ఈ రోజు నా బిడ్డకు డాక్టరేట్ ఇచ్చారు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఇగ నా మోకాళ్ల నొప్పికి బిడ్డ మందు రాస్తదా?" అని నవ్వాడు. ఇది మందులిచ్చే డాక్టరు కాదన్నాను గానీ, బిడ్డ చేసిన పనేమిటో నాకూ తెలియదు. వెంటనే బిడ్డకు ఫోన్ చేసి, "జర నాకు తెలిసేటట్టు చెప్పు" అన్నాను.

"వెలుతురు పడంగనే అణువు లోపల ప్రోటాన్ ఒక పరమాణువును ఇడిచిపెట్టి పక్కదాని మీదికి పోతది బాపూ. అప్పుడొచ్చే వెలుగు రంగు మారుతది. గా రంగు చూసి ప్రోటాన్ జరిగిందని గుర్తుపడత."

"అంటే మార్కెట్ల హమాలీ తన బస్తా పక్కోని భుజం మీదికి మార్చినట్టా?"

"గంతే బాపూ! మా సారు గూడ గింత అల్కగ, సులువుగ చెప్పలే."

ఆ బస్తా మాటే పదిసార్లు పైకి అనుకున్నాను. చుట్టాల ముందు తడబడతానేమో... అయినా సరే, ఫోన్‌లో చెప్పను. రేపు మొదటి బస్సెక్కి, బిడ్డ చేసిన పనేమిటో నా నోటితోనే చెబుతాను. ముందు రఘునాథపల్లిలో తమ్ముడికి. జనగామలో అక్కకు, బావకు. మహబూబాబాద్‌లో పెద్ద కోడలి పుట్టింటివాళ్లకు. ఆడపిల్లకు ఇన్నేళ్ల చదువెందుకన్న భూపాలపల్లి బామ్మర్దికి మాత్రం రెండుసార్లు.